నూలు తాడు కోస్టర్లు, బుట్టల మీద మెషిన్ ఎంబ్రాయిడరీ: తాడు ఉతకడం మొదలు చివరి కుట్టు దాకా

తాడు చుట్టి కుట్టిన కోస్టర్ (గ్లాసు కింద పెట్టే గుండ్రటి చుట్ట) హూప్‌లో (ఎంబ్రాయిడరీకి గుడ్డ బిగించే చట్రంలో) పట్టడం లేదు. బలవంతాన పట్టిస్తే సూది విరుగుతోంది. సూది విరగకపోతే డిజైన్ గాడుల్లోకి కుంగి గీతలు గీతలుగా కనిపిస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఎక్కువగా వస్తున్న ప్రశ్నలు ఇవే.

మూడింటికీ మూలం ఒకటే: తాడు చుట్టను గుడ్డలా చూడటం. గుడ్డ సాపుగా ఉంటుంది. చుట్ట దున్నిన చేనులా గాడులు గాడులుగా ఉంటుంది. అందుకే చుట్టను హూప్‌లో బిగించకూడదు, హూప్‌లో బిగించిన బ్యాకింగ్ (కుట్టుకి ఆసరాగా కింద వేసే పొర) మీద కూర్చోబెట్టాలి. ముందు గాడులు పూడ్చాలి, ఆ తర్వాతే బొమ్మ కుట్టాలి. బుట్ట అయితే గోడ లేవకముందే, అడుగు బల్లపరుపుగా ఉండగానే ఎంబ్రాయిడరీ ముగించాలి.

బిందె కింద పెట్టే చుట్టకుదురు చూసినవాళ్ళకి ఈ ఆకారం కొత్తేమీ కాదు. కొత్తదల్లా దాని మీద సూది ఎలా నడపాలన్నదే.

## 1. పని వరుస

ఈ వరుస మారితే చేసిన పని విప్పుకోవాల్సి వస్తుంది. మెషిన్ పక్కన గోడకి రాసి అంటించుకోండి.

- తాడు ఉతికి, ఆరబెట్టడం
- చుట్ట కుట్టడం (కోస్టర్ మొత్తం, బుట్టకైతే అడుగులో మొదటి 10 సెం.మీ. మాత్రమే)
- ఆవిరి ఇస్త్రీ చేసి, బరువు పెట్టి సాపు చేయడం
- హూప్‌లో బ్యాకింగ్ బిగించి, దాని మీద చుట్టను నిలపడం
- ఎంబ్రాయిడరీ
- బ్యాకింగ్ కత్తిరించి, వెనుక వైపు మూయడం
- బుట్టకైతే అడుగు పెంచడం, తర్వాత గోడ లేపడం

## 2. సామాను

తాడు. అల్లిన నూలు తాడు తీసుకోండి, పేనిన తాడు వద్దు. పేనిన తాడు సూది పోటుకి పేటలు విడిపోతుంది, దాని మెలిక గీతలు ఎంబ్రాయిడరీ కింద నుంచి పైకి తేలుతాయి. మాక్రమే కోసం అమ్మే ఒంటిపేట తాడు అసలు పనికిరాదు, దువ్వితే దూదిలా విచ్చుకునే రకం అది.

ఎంబ్రాయిడరీ వేసే కోస్టర్‌కి 4 మి.మీ. మందం చాలు. 6 మి.మీ. తాడుతో కోస్టర్ బరువుగా, చూడముచ్చటగా వస్తుంది కానీ ఇంటి ఎంబ్రాయిడరీ మెషిన్ పాదం కింద దూరదు. బుట్టకు 5 మి.మీ. దాకా వెళ్ళొచ్చు.

నూలు తాడు అని అమ్మేవాటిలో కొన్నింటికి లోపల పాలిస్టర్ పోగు ఉంటుంది. చివర ఒక అంగుళం కోసి, లోపలి పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పాలిస్టర్ పోగున్న తాడు వేడి ఇస్త్రీ కింద ముడుచుకుంటుంది, వద్దు.

ఉద్దానం వైపు కొబ్బరి తాడు చేతికందే దూరంలో ఉంటుంది, మన జిల్లాల్లో గోగునార తాడూ దొరుకుతుంది. వాటితో చేయకూడదా అని అడుగుతారు. కొబ్బరి పీచు గట్టిగా ఉండి సూదిని పక్కకు తోస్తుంది. గోగునార రాల్చే నూగు రెండు కోస్టర్లకే బాబిన్ గూటిని నింపేస్తుంది. చేత్తో కుట్టే బుట్టలకు రెండూ మంచివే. ఎంబ్రాయిడరీ మెషిన్‌కి మాత్రం నూలే.

మెషిన్లు. చుట్ట కుట్టడానికి జిగ్‌జాగ్ వేసే మెషిన్ తప్పనిసరి. తిన్నకుట్టు మాత్రమే వేసే పాత నల్ల మెషిన్‌తో రెండు వరుసలు కలవవు. ఎంబ్రాయిడరీకి 100×100 మి.మీ. హూప్ ఉన్న చిన్న మెషిన్ సరిపోతుంది.

మిగతావి:

- చుట్టకు: 16 నంబరు సూదులు 2, మామూలు పాలిస్టర్ కుట్టు దారం
- ఎంబ్రాయిడరీకి: 14 నంబరు సూదులు 3, పాలిస్టర్ ఎంబ్రాయిడరీ దారం (రీలు మీద 120డి/2 అని ఉంటుంది)
- కట్-అవే బ్యాకింగ్ (కుట్టాక మిగిలింది కత్తెరతో కోసే రకం), 60 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు)
- నీళ్ళలో కరిగే పారదర్శక ఫిల్మ్
- ఫెల్ట్ గుడ్డ లేదా మందపాటి కాటన్, వెనుక వైపు మూయడానికి
- క్లిప్పులు, గుండుసూదులు, చేతిసూది, చిన్న కొన కత్తెర

తాడు, సూదులు, దారాలు, ఫెల్ట్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో టైలరింగ్ సామాను అమ్మే కొట్లలో అడగండి. కరిగే ఫిల్మ్, కట్-అవే బ్యాకింగ్ అక్కడ లేకపోతే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వర్కు చేసే దుకాణాల వాళ్ళని అడిగితే మీటర్ లెక్కన ఇస్తారు. ఫిల్మ్ దొరకలేదని పాలిథిన్ కవరు పరచకండి. అది కరగదు, కుట్ల కింద ఇరుక్కున్న ముక్కలు ఎంత పీకినా రావు.

ఎంబ్రాయిడరీకి రేయాన్ దారం నిగనిగలాడుతుంది, నిజమే. కానీ తడిస్తే రేయాన్ బలహీనపడుతుంది, కోస్టర్ రోజూ తడిసే వస్తువు. కోస్టర్‌కి పాలిస్టరే వాడండి.

## 3. తాడు ఎంత పడుతుంది

చుట్ట వైశాల్యాన్ని తాడు మందంతో భాగిస్తే పొడవు వస్తుంది. 10 సెం.మీ. అడ్డుకొలత కోస్టర్ వైశాల్యం 78.5 చదరపు సెం.మీ. తాడు 4 మి.మీ., అంటే 0.4 సెం.మీ. కాబట్టి 78.5 ÷ 0.4 = 196 సెం.మీ. మొదలు మడతకు, చివర కొసకు పది శాతం కలిపితే 2.2 మీటర్లు.

ఆరు కోస్టర్ల సెట్టుకు ఏడు కోస్టర్ల తాడు లెక్కేసుకోండి. ఏడోది పరీక్ష ముక్క. 15.4 మీటర్లు, ఉతికితే కుదించుకుపోయేది కూడా కలిపి 17 మీటర్లు కొనండి.

బుట్టకి లెక్క వేరు. అడుగు 16 సెం.మీ., గోడ ఎత్తు 7 సెం.మీ., తాడు 5 మి.మీ. అనుకుందాం. అడుగుకు 201 ÷ 0.5 = 402 సెం.మీ. గోడకు 14 వరుసలు, ఒక్కో వరుస చుట్టుకొలత 50.3 సెం.మీ., మొత్తం 704 సెం.మీ. రెండూ కలిపి 11 మీటర్లు దాటింది. పన్నెండున్నర తీసుకోండి.

దారం సంగతి కూడా ముందే చూసుకోండి. జిగ్‌జాగ్ కుట్టులో కింది దారం తాడు పొడవుకి సుమారు మూడు రెట్లు పోతుంది, పైదారం అంతకన్నా కాస్త ఎక్కువ. బుట్ట మొదలుపెట్టే ముందు రెండు బాబిన్లు నిండుగా చుట్టి పక్కన పెట్టుకోండి. గోడ మధ్యలో బాబిన్ ఖాళీ అయితే వంపు చెదురుతుంది.

## 4. తాడు సిద్ధం చేయడం

ఉతకని నూలు తాడు మీద ఎంబ్రాయిడరీ వేస్తే మొదటి ఉతుకులో తాడు కుదించుకుంటుంది, పాలిస్టర్ దారం కుదించుకోదు. బొమ్మ బొబ్బలా ఉబ్బుతుంది. ఈ తప్పుకి తర్వాత మందు లేదు.

1. తాడును వదులుగా చిలపలా చుట్టి, నాలుగు చోట్ల దారంతో కట్టండి. కట్టకపోతే బకెట్‌లో చిక్కుపడుతుంది.
2. గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టండి. రంగు తాడైతే నీళ్ళు తేటపడే దాకా మార్చండి.
3. పిండకుండా తువ్వాల్లో నొక్కి నీరు తీయండి. పిండితే తాడు మెలికపడుతుంది.
4. బారుగా, ఒత్తిడి లేకుండా ఆరబెట్టండి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకి సాగిపోతుంది. చాప మీద పరవండి.

తీరం దగ్గర గాలిలో తేమ ఎక్కువ. వానాకాలంలో తాడు పైకి పొడిగా తగిలినా లోపల చెమ్మ ఉంటుంది. అలాంటి తాడు కుట్టి ఇస్త్రీ పెట్టగానే చుట్ట గిన్నెలా ముడుచుకుంటుంది. ఎండ లేని వారంలో ఫ్యాను కింద రెండు రోజులు ఉంచాకే మొదలుపెట్టండి.

తాడు బిరుసుగా ఉంటుందని గంజి పెట్టకండి. గంజి పొడి సూది కన్నంలో పేరుకుంటుంది, ముసురు రోజుల్లో బూజు పడుతుంది. బిరుసు కుట్టుతోనే రావాలి.

## 5. చుట్ట కుట్టడం

మెషిన్ అమరిక: 16 నంబరు సూది, జిగ్‌జాగ్ వెడల్పు 5, కుట్టు పొడవు 2, పైదారం టెన్షన్ మామూలుగా వాడే దానికంటే అర గుర్తు తక్కువ. చాలా ఇంటి మెషిన్లలో జిగ్‌జాగ్ గరిష్ఠ వెడల్పు 5 మి.మీ.యే, 4 మి.మీ. తాడుకి అది సరిగ్గా అందుతుంది.

నడుము (చుట్ట మధ్యభాగం). తాడు కొసను ఏటవాలుగా కోసి, 2 సెం.మీ. చుట్టండి. బటన్ అంత గుండ్రం వస్తుంది. దాన్ని వేళ్ళతో పట్టి, ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా జిగ్‌జాగ్ వేయండి. అంతే, ఇంకెక్కువ వద్దు.

ఇక్కడ కాస్త ఆగాలి. నడుము ఊడిపోతుందేమోనని చాలామంది ఐదారు సార్లు ముందుకి వెనక్కి కుట్టేస్తారు. చేత్తో తడిమితే అక్కడ కందిగింజంత గట్టి బొడిపె తగులుతుంది. ఎంబ్రాయిడరీ డిజైన్ మధ్యభాగం సరిగ్గా ఆ బొడిపె మీదే పడుతుంది. సూది విరిగే కేసుల్లో ఎక్కువ భాగం అక్కడివే. నడుముకు గ్లూ గన్ జిగురు వాడితే ఇంకా నష్టం: గట్టిపడిన జిగురులోంచి సూది దిగేటప్పుడు వంగుతుంది, పైదారం తెగుతుంది.

చుట్లు. చుట్ట సూదికి ఎడమ వైపు ఉండాలి, కొత్త తాడు కుడి వైపు నుంచి, మీ ముందు నుంచి లోపలికి వెళ్ళాలి. చుట్ట గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. పాదం మధ్య గుర్తు రెండు వరుసల మధ్య గాడి మీద నడవాలి.

తాడును లాగకండి, తోయకండి. లాగితే అంచులు బిగిసి చుట్ట గిన్నెలా లేస్తుంది. తోస్తే అంచు లంగా కుచ్చిళ్ళలా అలలు తిరుగుతుంది. మొదటి మూడు చుట్లు నెమ్మదిగా, సూది కిందికి దించి పాదం ఎత్తి తిప్పుకుంటూ పోండి. నాలుగో చుట్టు నుంచి చెయ్యి కుదురుతుంది. 4 మి.మీ. తాడుతో 10 సెం.మీ. రావాలంటే పన్నెండున్నర చుట్లు.

మూడు చుట్లకోసారి బల్ల మీద పెట్టి చూడండి. ఒక అంచు నొక్కితే రెండోది లేస్తే అప్పుడే రెండు చుట్లు విప్పండి. కోస్టర్ పూర్తయ్యాక ఇస్త్రీతో సరి అవుతుందన్న ఆశ కొంతమేరకే నిజం.

కొస. తాడును ఏటవాలుగా కోసి, చివరి వరుస కిందికి మళ్ళించి, ఒకటిన్నర సెం.మీ. మేర గట్టిగా జిగ్‌జాగ్ వేయండి.

## 6. సాపు చేయడం

కోస్టర్ రెండు వైపులా ఆవిరి ఇస్త్రీ పెట్టండి. వేడి తగ్గకముందే చపాతీ కర్రతో మధ్య నుంచి అంచుకు, నాలుగు దిక్కులా గట్టిగా ఒత్తండి. తర్వాత రెండు పీటల మధ్య పెట్టి, పైన బరువు ఉంచి చల్లారనివ్వండి. గంట పడుతుంది.

దీంతో మందం అర మి.మీ. దాకా తగ్గుతుంది. చిన్న మెషిన్ పాదానికి ఆ అర మి.మీ. చాలా విలువైనది.

## 7. డిజైన్: గాడుల మీద ఏది నిలుస్తుంది

గుడ్డ మీద అందంగా వచ్చిన డిజైన్ తాడు మీద వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. గాడులు గుండ్రంగా తిరుగుతాయి కాబట్టి, ఏ కోణంలో ఫిల్ (బొమ్మ లోపలి భాగం నింపే కుట్టు) వేసినా కొన్ని చోట్ల కుట్టు గాడికి అడ్డంగా, కొన్ని చోట్ల గాడి వెంట పడుతుంది. గాడి వెంట పడ్డ కుట్టు లోపలికి దిగిపోతుంది. అందుకే బొమ్మ కింద ఒక పల్చటి పూత పొర ముందుగా కుట్టాలి. డిజిటైజింగ్ (బొమ్మను మెషిన్ చదివే కుట్ల ఫైలుగా మార్చడం) చేసేవాళ్ళు దీన్ని నాక్‌డౌన్ అంటారు.

నాక్‌డౌన్ పొర: డిజైన్ అంచు కంటే చుట్టూ 1.5 మి.మీ. ఎక్కువ, వరుసల మధ్య దూరం 1 మి.మీ., తాడు రంగు దారంతో. ఒక పొర 45 డిగ్రీల్లో, దాని మీద రెండోది ఎదురు కోణంలో. జల్లెడ అల్లినట్టు వస్తుంది.

దాని మీద డిజైన్:

- ఫిల్ వరుసల మధ్య దూరం 0.4 మి.మీ., కుట్టు పొడవు 3.5 నుంచి 4 మి.మీ.
- శాటిన్ గీత (అటూ ఇటూ దట్టంగా పడే కుట్టుతో వచ్చే పట్టీ) 2.5 మి.మీ. కంటే సన్నం కాకూడదు, 6 మి.మీ. దాటకూడదు
- పుల్ కాంపెన్సేషన్ (కుట్టు బిగువుకి బొమ్మ సన్నబడకుండా ముందే ఇచ్చే అదనపు వెడల్పు) 0.4 మి.మీ.
- సన్నగీత తప్పదంటే ఒకే చోట మూడుసార్లు నడిచే కుట్టు, పొడవు 3 మి.మీ.
- డిజైన్ అడ్డుకొలత 65 మి.మీ. లోపు, మొత్తం కుట్లు 8 వేలు దాటకుండా

ఉదాహరణకు పలాస జీడిమామిడి పండు. తాడు మీద ఇంత చక్కగా కుదిరే బొమ్మ తక్కువ. పెద్ద గుండ్రటి పండు, కింద వంకీ తిరిగిన గింజ, సన్నగీతలు లేవు. పండు 38 మి.మీ. వెడల్పు, గింజ 22 మి.మీ. పొడవు పెట్టండి. ముందు నాక్‌డౌన్, తర్వాత పండు ఫిల్ నారింజ రంగులో, తర్వాత గింజ బూడిద రంగులో. పండు, గింజ కలిసే చోట గింజ ఫిల్ పండు మీదికి 1 మి.మీ. ఎక్కాలి, లేకపోతే తాడు కదలికకి మధ్యలో తెల్లటి చీలిక కనిపిస్తుంది. ఆఖరున చుట్టూ 2.5 మి.మీ. శాటిన్ అంచు. పండు మీద మెరుపు చూపించాలని సన్నటి తెల్లగీత పెట్టకండి, గాడిలో సగం మాయమై దారప్పోగు అంటుకున్నట్టుంటుంది.

బొబ్బిలి వీణ చాలామంది అడుగుతారు. కుండ, దండి బాగా వస్తాయి. తంతులు రావు. నాలుగు తంతుల బదులు 2.5 మి.మీ. శాటిన్ గీత ఒక్కటి దండి పొడవునా వేస్తే వీణ వీణలాగే కనిపిస్తుంది. మెట్లు వదిలేయండి.

తెలుగు అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాల కొలతలు ఇక్కడ పనికిరావు. మన అక్షరాల్లో గుండ్రాలు ఎక్కువ, ఆ గుండ్రాల లోపలి ఖాళీ మూసుకుపోతే అక్షరం ముద్ద అవుతుంది. ఒత్తులు లెక్కలోకి తీసుకోకుండా అక్షరం ఎత్తు 14 మి.మీ. కంటే తగ్గకూడదు. ఒత్తుకు కింద మరో 8 మి.మీ. కావాలి. ‘రాజాం’ లాంటి పేరుకి ఒత్తే లేదు, సులువుగా వస్తుంది. ‘లక్ష్మి’ మూడు అంతస్తులు, 10 సెం.మీ. కోస్టర్ మీద ఆ పేరు అడిగితే మొదటి అక్షరం ‘ల’ ఒక్కటే పెద్దగా వేసి ఇవ్వడం మేలు.

## 8. హూప్ మీద నిలపడం

1. కట్-అవే బ్యాకింగ్ ఒక పొర హూప్‌లో బిగించండి. వేలితో కొడితే డప్పులా మోగాలి.
2. హూప్‌తో వచ్చిన ప్లాస్టిక్ గడుల పలక పెట్టి, బ్యాకింగ్ మీద మధ్య గుర్తును పెన్సిల్‌తో కూడిక ఆకారంలో గీయండి. గీతలు హూప్ అంచుల దాకా రావాలి.
3. కోస్టర్ నడుములోంచి గుండుసూది గుచ్చి, దాని కొనను కూడిక మధ్యలోకి దించండి. కోస్టర్ తనంతట తాను మధ్యకు వస్తుంది.
4. హూప్ లోపలి అంచుకీ కోస్టర్‌కీ మధ్య చుట్టూ 3 మి.మీ. అయినా ఖాళీ ఉండాలి. అంచు హూప్ మీదికి ఎక్కితే కోస్టర్ మధ్యలో పైకి లేచి నిలబడుతుంది. ఖాళీ లేదంటే ఒక చుట్టు విప్పి 9.2 సెం.మీ. చేయండి.
5. కోస్టర్ అంచు వెంట ఎనిమిది చోట్ల చేతిసూదితో బ్యాకింగ్‌కి టాకాలు వేయండి. తర్వాత గుండుసూది తీసేయండి. ఇది మరిచిపోకండి, పాదం కింద గుండుసూది ఉంటే మెషిన్‌కే దెబ్బ.
6. పైన కరిగే ఫిల్మ్ పరిచి, డిజైన్ బయట నాలుగు మూలలా టేపు అంటించండి.

టాకాల బదులు డబుల్ టేపు వేస్తే పని తొందరగా అవుతుంది. కానీ సూది టేపులోంచి దిగితే జిగురు సూదికి పట్టి, పది నిమిషాల్లో దారం తెగడం మొదలవుతుంది. టేపు వాడితే కోస్టర్ అంచు కిందే, డిజైన్ కింద కాదు. ఎనిమిది టాకాలకు నాలుగు నిమిషాలు పడుతుంది. వేయండి.

## 9. ఎంబ్రాయిడరీ నడపడం

మొదలుపెట్టే ముందు:

- కొత్త 14 నంబరు సూది, చదును వైపు వెనక్కి
- బాబిన్ గూడు బ్రష్‌తో శుభ్రం (తాడు నూగు చుట్ట కుట్టేటప్పుడే పేరుకుంటుంది)
- వేగం నిమిషానికి 400 నుంచి 500 కుట్లు
- పాదం ఎత్తు మార్చే అమరిక ఉంటే తాడు మందానికి సరిపెట్టడం
- ట్రేస్ నొక్కి హూప్‌ను డిజైన్ చుట్టూ ఒకసారి తిప్పడం

ట్రేస్ చేసేటప్పుడు పాదం వైపే చూడండి. పాదం తాడు వరుసలకు తగిలి కోస్టర్‌ని నెడుతుంటే అక్కడే ఆపేయండి. పాదం ఎత్తు మార్చలేని మెషిన్ అయితే మళ్ళీ ఇస్త్రీ, చపాతీ కర్ర. అప్పటికీ తగులుతుంటే ఆ మెషిన్‌కి 3 మి.మీ. తాడే గతి.

మొదటి ఇరవై కుట్లు చూసి ఆపండి. హూప్ విప్పకుండా కింది వైపు తడిమి చూడండి. దారం ఉండలేవీ తగలకపోతే కొనసాగించండి. నాక్‌డౌన్ రెండు పొరలూ అయ్యాక మరోసారి ఆపి, గాడులు పూడాయో లేదో చూడండి. వేలికి ఇంకా గాడులు లోతుగా తగిలితే నాక్‌డౌన్ మాత్రమే మళ్ళీ ఒకసారి నడపండి. బొమ్మ కుట్టాక గాడి పూడ్చే వీలు ఉండదు.

రంగు మారిన ప్రతిసారీ తోక దారాలు దగ్గరికి కత్తిరించండి. తర్వాతి రంగు కింద ఇరుక్కుంటే తీయలేరు.

కరెంటు కోత ఉన్న వేళల్లో తెర మీద కుట్టు నంబరు ప్రతి ఐదు నిమిషాలకూ కాగితం మీద రాసుకోండి. కరెంటు పోతే హూప్ తీయకండి. తిరిగి వచ్చాక ఆ నంబరుకి పది కుట్లు వెనక్కి వెళ్ళి మొదలుపెడితే అతుకు కనపడదు.

## 10. ముగింపు పనులు

టాకాలు కోసి కోస్టర్‌ని తీయండి. ఫిల్మ్‌ను చేత్తో చింపి, మిగిలిన తునకలను తడిగుడ్డతో అద్దండి. రుద్దితే కరిగిన ఫిల్మ్ దారాల మధ్యకి చేరి ఎండాక తెల్లగా, గరుకుగా మిగులుతుంది.

బ్యాకింగ్‌ను కుట్ల చుట్టూ 3 మి.మీ. వదిలి కత్తిరించండి. కత్తెర కొన పైకి ఉండాలి, కిందికి ఉంటే చుట్ట దారాన్ని తెంపుతుంది.

వెనుక వైపుకి 9.4 సెం.మీ. ఫెల్ట్ గుండ్రం కోసి, కోస్టర్ అంచుకి 4 మి.మీ. లోపల తిన్నకుట్టు వేయండి, పొడవు 3.5. ఫెల్ట్ కిందికి, తాడు పైకి ఉండాలి. అప్పుడు కుట్టు చివరి రెండు వరుసల గాడిలో నడుస్తుంది, పైకి కనిపించదు.

## 11. బుట్ట

బుట్ట అడుగంటే ఇంకా పూర్తికాని కోస్టరే. 10 సెం.మీ. అయ్యాక తాడు కోయండి. కోయకుండా మిగతా పది మీటర్లు వేలాడదీసి ఎంబ్రాయిడరీకి పెడితే, ఆ బరువు కదిలే హూప్‌ని లాగి డిజైన్ పక్కకు జరుపుతుంది. 4 సెం.మీ. కొస కుట్టకుండా వదిలి, దాన్ని టేపుతో పక్కకు నిలపండి.

ఏ వైపు? కుట్టేటప్పుడు పైకి ఉన్న ముఖమే బుట్టకు లోపలి వైపు అవుతుంది. అడుగు లోపల కనిపించాలంటే ఆ ముఖం మీదే ఎంబ్రాయిడరీ వేయాలి, తిరిగి మెషిన్ మీదికి తెచ్చినప్పుడు ఎంబ్రాయిడరీ పైకి ఉండాలి. ఫెల్ట్ ఇప్పుడే కుట్టకండి, అడుగు పూర్తిగా పెరిగాక వేయొచ్చు.

అతుకు. పాత కొసనీ కొత్త తాడునీ తిన్నగా, అడ్డంగా కోసి, ఎదురెదురుగా ఆనించండి. ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే బుడిపె వస్తుంది. ఆనిన చోట పొడవు 0.5కి తగ్గించి 1 సెం.మీ. మేర జిగ్‌జాగ్ వేస్తే రెండూ ఒకటవుతాయి. తర్వాత పొడవు మళ్ళీ 2కి మార్చి 16 సెం.మీ. దాకా అడుగు పెంచండి.

గోడ. అడుగును ఎడమ చేత్తో పైకి లేపి మెషిన్ తలకు ఆనించండి. నిట్టనిలువుగా ఆనిస్తే గోడ తిన్నగా, సగం లేపితే గిన్నెలా వాలుగా వస్తుంది. మొదటి రెండు వరుసల్లో కోణం మారితే గోడ మొత్తం వంకర. గోడ పెరిగే కొద్దీ మెషిన్ తల బుట్ట లోపలికి వస్తుంది, అందుకే అడుగు 14 సెం.మీ. కంటే చిన్నదైతే తిన్నటి గోడ కష్టం. చిన్న బుట్ట కావాలంటే వాలు గోడ పెట్టండి.

గోడ మీద బొమ్మ. లేచిన గోడ ఏ హూప్‌లోనూ కూర్చోదు. అందుకు రెండు దారులున్నాయి.

మొదటిది, ప్యాచ్. రెండు పొరల కాటన్ మీద ఎంబ్రాయిడరీ వేసి, చుట్టూ 3 మి.మీ. శాటిన్ అంచుతో ముగించి, కోసి, చేతికుట్టుతో గోడకు కుట్టడం. పొందూరు ఖద్దరు తుండు ఉంటే ప్యాచ్‌కి అందంగా ఉంటుంది, కానీ అది సన్నటి నేత. వెనుక ఫ్యూజింగ్ (ఇస్త్రీతో అంటుకునే లైనింగ్) అతికించి, కట్-అవే పెట్టకపోతే ముడతలు పడుతుంది.

రెండోది, చిన్న పట్టీ. 4 సెం.మీ. వెడల్పు గుడ్డ మీద పేరో బొమ్మో వేసి, మధ్యకు మడిచి, మడత బయటికి ఉండేలా తెరిచిన అంచులను గోడ చివరి మూడో వరుస గాడిలో పెట్టి కుట్టేయడం. తాడు వరుసల మధ్య బిగిసిపోతుంది, వేరే కుట్టు అక్కర్లేదు. అమ్మకానికి చేసేవాళ్ళకు ఇదే మేలు.

## 12. తప్పులు, సవరణలు

సూది విరుగుతోంది. నడుము బొడిపె, జిగురు, పాదం తాడుకు తగలడం: ఈ వరుసలో వెతకండి. నడుము బొడిపె ఉన్న కోస్టర్‌ని పారేయకండి, మధ్యలో ఖాళీ ఉండే డిజైన్, ఉదాహరణకు పూలదండ వలయం, దాని మీద వేయొచ్చు.

కింద దారం ఉండ చుడుతోంది. పైదారం టెన్షన్ పలకల మధ్య కూర్చోలేదన్నమాట. పాదం ఎత్తి ఉంచి దారం మళ్ళీ ఎక్కించండి. పాదం దించి ఉన్నప్పుడు ఎక్కిస్తే పలకలు మూసుకుని దారం లోపలికి పోదు.

బాబిన్ దారం పైకి తెల్లగా కనిపిస్తోంది. పైదారం బిగువు ఎక్కువ. అర గుర్తు తగ్గించి పరీక్ష కోస్టర్ మీద చూడండి.

అంచు శాటిన్ బొమ్మకు పక్కగా పడింది. కోస్టర్ జరిగింది. టాకాలు తక్కువ, లేదా బ్యాకింగ్ వదులు. విప్పడం కంటే, అదే రంగు దారంతో చేతిసూదితో ఖాళీ నింపడం నయం.

డిజైన్ చుట్టూ తాడు ముడుచుకుంది. కుట్లు మరీ దట్టం. ఫిల్ దూరాన్ని 0.4 నుంచి 0.45కి పెంచండి. నాక్‌డౌన్ బాగా పూడితే 0.45 చాలు.

గాడి గీతలు కనిపిస్తున్నాయి. నాక్‌డౌన్ ఒకే దిక్కున వేశారు, లేదా ఫిల్మ్ పరచలేదు. అయిపోయిన కోస్టర్‌ని బాగుచేయాలంటే అదే డిజైన్ ఫిల్ భాగాన్ని 0.8 మి.మీ. దూరంతో, వేరే కోణంలో, హూప్ తీయకముందే మరోసారి నడపాలి. హూప్ తీసేశాక సరిగ్గా అదే చోటుకి తేవడం దాదాపు అసాధ్యం.

వాడాక కోస్టర్ వంగింది. తడిసినప్పుడు నిలబెట్టి ఆరబెట్టారు. తడిపి, పీటల మధ్య బరువు కింద రాత్రంతా ఉంచండి.

## 13. ఇచ్చేటప్పుడు చెప్పాల్సినవి

కోస్టర్లు అమ్మినా, కానుకగా ఇచ్చినా, ఈ మూడు మాటలు చీటీ మీద రాసి ఇవ్వండి:

- చల్లనీళ్ళలో చేత్తో ఉతికి, పిండకుండా, పరిచి ఆరబెట్టాలి
- ఇస్త్రీ వెనుక వైపు నుంచే; ఎంబ్రాయిడరీ దారం పాలిస్టర్, నేరుగా వేడి తగిలితే మెరుపు పోతుంది
- టీ గ్లాసు, కాఫీ కప్పు పెట్టొచ్చు. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకూడదు